అత్త చెవే తూకం

పదో తరగతి మా ఊరి బళ్లో పూర్తి చేశాక పై చదువుకు నన్ను మా మేనత్త దగ్గరికి పంపారు. అత్త ఉండేది యూనివర్సిటీ ఆవరణలోనే, వాక్కు, వినికిడి శాస్త్రాల విభాగం వెనక ఉన్న రెండు గదుల క్వార్టర్లో. సంచి కింద పెట్టి చెప్పులు విప్పుతుంటే అత్త నాతో అన్న మొదటి మాట, "తలుపు మెల్లగా వెయ్యి తల్లీ."

ఆ ఇంట్లో అన్నీ మెల్లగానే జరిగేవి. కుర్చీ కాళ్లకు రబ్బరు ముక్కలు తొడిగి ఉండేవి. గిన్నెల అరలో మందపాటి గుడ్డ పరిచి ఉండేది. రేడియో లేదు, టీవీ లేదు. ఫ్యాను చప్పుడు చేస్తుందని ఎండాకాలంలో కూడా అత్త అది వెయ్యకుండా కిటికీ తెరుచుకుని పడుకునేది. బస్సులు మొదలయ్యే వేళకు లేచి మూసేసేది. నేనేమో నోట్లో మాట నోట్లోనే ఉంచుకునే రకం. మా ఊరి మాస్టారు "కాస్త పైకి చదవవే, దోమ పాఠం చెబుతున్నట్టుంది" అనేవారు. అందుకే మా ఇద్దరికీ భలే కుదురుతుందని నాన్న అన్నాడు. కుదిరింది కూడా. కాని ఆ ఇంట్లో సాయంత్రాలు చాలా పొడుగ్గా ఉండేవి.

చుట్టాల్లో అత్తకు పొగరని పేరు. పెళ్లిళ్లకు రాదు. వచ్చినా మైకు పెట్టగానే లేచి వెళ్లిపోతుంది. చంటిపిల్లలు గుక్కపట్టి ఏడిస్తే ఎత్తుకోదు, అవతలి గదిలోకి పోతుంది. అది పొగరు కాదని అక్కడికి వెళ్లాకే నాకు తెలిసింది. అత్త తన చెవుల్ని కాపాడుకుంటోంది. ఆ చెవులు అత్త ఒక్కదానివే కావు, డిపార్ట్‌మెంటువి.

వినికిడి పరీక్ష చేసే చోటును అక్కడ బూత్ అంటారు. అది గదిలో గది. గోడలకు మెత్త, తలుపుకు మెత్త, మధ్యలో ఒక కుర్చీ, ఎదురుగా అద్దం. అద్దానికి అవతల మిషన్ ముందు కళ్లజోడు సార్ కూర్చుంటారు. ఆయన కళ్లజోడు ఎప్పుడూ నెత్తిమీదే ఉండేది, ఎప్పుడూ దాన్నే వెతుక్కునేవారు. మిషన్‌లోంచి లావు స్వరం నుంచి కీచుమనే సన్న స్వరం దాకా ఒక్కొక్కటే హెడ్‌ఫోన్లలోకి పంపుతారు. వినపడితే లోపల కూర్చున్నవాళ్లు వేలెత్తాలి. ఎంత చిన్న శబ్దానికి వేలెత్తితే చెవి అంత బాగున్నట్టు.

రోజూ రోగులు రాకముందు ఆ కుర్చీలో అత్త కూర్చునేది. ఏ స్వరాన్ని ఎంతదాకా తగ్గించినా అత్తకు వినపడాలో అందరికీ తెలుసు. అక్కడ అత్త వేలు లేస్తే మిషన్ సరిగ్గా ఉన్నట్టు. లేవకపోతే మిషన్ నీరసించినట్టు. అప్పుడు సార్ మిషన్ వెనక మూత తీసి, ఆ స్వరానికి ఉన్న చిన్న స్క్రూను అత్తకు వినపడేదాకా తిప్పేవారు. నలభై ఏళ్లుగా అదే పద్ధతి.

ఆ నలభై ఏళ్లు నిండిన సందర్భంగా సభ పెట్టాలనుకున్నారు. ఒకరోజు హెడ్ మేడం మా ఇంటికే వచ్చారు. ఆవిడ కూడా ఒకప్పుడు అక్కడి విద్యార్థే.

"మొదటి రోజు నుంచీ ఉన్నది మీరొక్కరే అక్కగారూ. డిపార్ట్‌మెంటు చరిత్ర మీరు చెప్పండి, మీ మేనకోడలు రాస్తుంది. సభలో చదివిద్దాం."

"దీనిచేత చదివిస్తే ముందు వరసకు కూడా వినపడదు" అంది అత్త.

"వినికిడి డిపార్ట్‌మెంటే కదా, మిషన్లు పెట్టుకుని వింటాం లెండి!" అని మేడం నవ్వారు. నేను వంటింట్లోకి తప్పుకున్నాను.

అలా మా సాయంత్రాలకు ఒక పని దొరికింది. అత్త మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని చెప్పేది, నేను కింద కూర్చుని రాసేదాన్ని. అంత మాట్లాడే మనిషని నేనెన్నడూ అనుకోలేదు.

డిపార్ట్‌మెంటు మొదలైంది ఒక్క మనిషితో, ఒక చెక్కపెట్టెతో. మనిషి ఫిజిక్సు చెప్పే మాస్టారు. పెట్టెలో ఉన్నది మొదటి మిషన్. గది కావాలని ఆయన తిరిగి తిరిగి చెప్పులు అరగదీస్తే, చివరికి వ్యవసాయం వాళ్లు విత్తనాలు దాచుకుని వదిలేసిన కొట్టుగది ఇచ్చారు. దానికి కిటికీ లేదు. ఎగతాళికి ఇచ్చారట. మాస్టారు మాత్రం వెళ్లి చేతులు పట్టుకుని మరీ కృతజ్ఞత చెప్పి వచ్చారు. కిటికీ లేకపోతే బయటి చప్పుడు రాదు కదా. హాస్టల్లో పారేసిన దూది పరుపులు తెచ్చి గోడలకు కొట్టించారు.

"పాత గింజల కోసం ఎలకలు వచ్చేవే. అవి గోడలో గీకితే లోపల కూర్చున్న రోగి వేలెత్తేవాడు. మాస్టారు తల పట్టుకుని, ముందు ఎలకలకు పరీక్ష చేసి పంపించేద్దాం, తర్వాత మనుషుల్ని చూద్దాం అనేవారు."

అత్త నవ్వితే భుజాలు మాత్రమే కదులుతాయి, చప్పుడు రాదు. అప్పుడు నేనూ నవ్వాను.

అత్త అక్కడికి టైపిస్టుగా వెళ్లింది. పద్దెనిమిదేళ్లు. మంచి చెవి అంటే ఎలా ఉండాలో తేల్చుకోడానికి మాస్టారు దొరికినవాళ్లందర్నీ ఆ కుర్చీలో కూర్చోబెట్టారు, తోటమాలితో సహా. అత్త వంతు వచ్చింది. అన్ని స్వరాలూ సరిగ్గా సున్నా గీత దగ్గరే విన్నది. సున్నా అంటే మంచి చెవికి వినపడే అతి చిన్న శబ్దం. మాస్టారు బయటికి పరిగెత్తుకొచ్చి, "ఈ అమ్మాయికి సున్నా! అన్నిట్లో సున్నా!" అని అరిచారట.

"సున్నా వచ్చినందుకు మిఠాయి పెట్టించుకున్నదాన్ని నేనొక్కదాన్నేనే" అంది అత్త.

అప్పటినుంచి అత్త చెవే తూకం. మొదట్లో ఏడాదికోసారి, మిషన్ ఎంత శబ్దం చేస్తోందో చెప్పే కొలత పరికరం పెట్టి కూడా చూసేవారు. మాస్టారు పోయాక ఆ పరికరం పాడైంది. కొత్తది కావాలని పైకి రాశారు, రాలేదు. మళ్లీ రాశారు. తర్వాత రాయడం మానేశారు. మిషన్ అబద్ధమాడొచ్చు గానీ ఈ అమ్మాయి చెవి ఆడదని మాస్టారు అనేవారట. ఆ మాట ఆ డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరినవాళ్లకు కూడా తెలుసు.

"ఇది రాయకు" అని అత్త ఒకరోజు ఇంకో సంగతి చెప్పింది. మాస్టారు ఉన్నప్పుడే ఒక సంబంధం వచ్చిందట. అబ్బాయి మంచివాడు, అత్తకు నచ్చాడు. కాని బట్టల మిల్లులో పని, మిల్లు గోడ పక్కనే ఇల్లు. పగలూ రాత్రీ మగ్గాల మోత. అత్త వెళ్లి ఆ ఇల్లు చూసి, గుమ్మంలో కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేసింది.

"బాధపడ్డావా అత్తా?"

"ఆ చప్పుడులో రెండేళ్లుంటే నా చెవులు పోయేవి. ఇక నేనెందుకు పనికొస్తాను?"

తర్వాత లైటు తీసేసింది. ఆ రోజుకు అంతే.

సభ దగ్గర పడుతుండగా, వచ్చే పెద్దలకు పరీక్ష ఎలా చేస్తారో చూపించాలని, దానికి ముందుగా నన్ను కూర్చోబెట్టి చూద్దామని కళ్లజోడు సార్ అన్నారు. బూత్‌లోకి వెళ్లగానే తలుపు మూసుకుంది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నా గొంతులో ఉమ్మి దిగడం వినపడింది. అద్దం అవతల సార్, అత్త ఏదో మాట్లాడుకుంటూ నవ్వుతున్నారు, పెదాలు కదులుతున్నాయి. నీళ్లలో మునిగి పైకి చూస్తున్నట్టుంది. అత్త రోజూ ఇక్కడే కూర్చుంటుందా అనుకున్నాను.

స్వరాలు మొదలయ్యాయి. లావు స్వరాలు దూరంగా, మెత్తగా వచ్చి కరిగిపోయాయి. సన్న స్వరాలు మాత్రం అలా లేవు. సూదిలా స్పష్టంగా గుచ్చుకున్నాయి. సార్ ఎంత తగ్గించినా నా వేలు లేస్తూనే ఉంది. చివరికి మిషన్‌లో తగ్గించడానికి ఇంకేమీ మిగల్లేదు.

బయటికి రాగానే సార్ చప్పట్లు కొట్టారు. "సున్నా కిందికి పోయింది అక్కా మీ పిల్ల! రక్తంలోనే ఉంది మీ ఇంట్లో!"

అత్త నా తల నిమిరింది. అదివరకెప్పుడూ అలా చెయ్యలేదు. "నా తర్వాత ఇదే కూర్చుంటుంది" అంది. హెడ్ మేడం కూడా వచ్చి చూసి మెచ్చుకున్నారు. తను చదవబోయే ప్రసంగంలోంచి ఒక ముక్క మాకు వినిపించారు కూడా. ఈ నాలుగైదేళ్లలో పరీక్షకొచ్చే పిల్లల్లో సన్న స్వరాలు వినపడనివాళ్లు బాగా తగ్గారట. బళ్లకు వెళ్లి చెవుల గురించి చెప్పినందువల్లే ఈ మార్పు అట. "మన కష్టం ఫలిస్తోంది" అన్నారు మేడం. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. నేను కూడా చాలా సంతోషపడ్డాను.

ఆ వారమే, అదివరకు ఒకసారి కూతురికి పరీక్ష చేయించుకుని వెళ్లిన ఒక దర్జీ భార్య, ఆ పాపను తీసుకుని మళ్లీ వచ్చింది. వరండా బల్ల మీద కూర్చుని ఉంది. నేను కాలేజీ నుంచి వస్తూ పక్కన ఆగాను. పాప ఐదేళ్లది. సంచిని "అంచి" అంటోంది, సబ్బును "అబ్బు" అంటోంది.

"బళ్లో మొద్దు అంటున్నారమ్మా. ఇక్కడేమో చెవులు బాగున్నాయంటున్నారు. చెవులు బాగుంటే మాట వినదేం? నేనూ రెండు తగిలించాను" అంది ఆవిడ. చెప్పాక పాప వీపు నిమిరింది.

పాప నా మొహంలోకే చూస్తోంది. సరిగ్గా చెప్పాలంటే నా పెదాల కేసి. నేను వంగి "నీ పేరేంటి?" అంటే చెప్పింది. పాప బల్ల మీదున్న తన బొమ్మ తీసుకోడానికి అటు తిరిగినప్పుడు నా మామూలు గొంతుతో "బొమ్మ ఎవరిచ్చారు?" అన్నాను. పలకలేదు. నా గొంతు ఎవరికీ వినపడదు కదా అనుకుని వదిలేశాను. పాపను లోపలికి తీసుకెళ్లారు. కాసేపటికి బయటికొచ్చారు. మళ్లీ అదే జవాబు, చెవులు బాగున్నాయని. దర్జీ భార్య పాప రెక్క పట్టుకుని గబగబా లాక్కెళ్లిపోయింది.

మర్నాడు సెలవు. నాకు ఊరి నుంచి వచ్చేటప్పుడు నాన్న కొనిచ్చిన చేతిగడియారం ఉంది. అలారం పెడితే సన్నగా కీచుమంటుంది. అత్త చెవులకు ఇబ్బందని వచ్చిన రోజు నుంచీ దాన్ని దిండు కిందే పెట్టుకునేదాన్ని. ఆ రోజు మర్చిపోయి బల్ల మీద వదిలేశాను. అత్త ఆ బల్ల దగ్గరే కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుండగా అలారం మోగింది. అత్త తిడుతుందని తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చాను.

అత్త మోచేతి పక్కనే గడియారం మోగుతోంది. అత్త తాపీగా చిక్కుళ్లు ఒలుచుకుంటోంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అది మోగి మోగి ఆగింది. నాకు ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. సన్న స్వరం అత్తకు వినపడటం లేదు. అత్తకు వినపడనప్పుడల్లా సార్ స్క్రూ తిప్పారు. ఒక్కోసారి కొద్దికొద్దిగానే. అన్నీ కలిసి ఎంతయిందో ఎవరూ చూడలేదు. మిషన్ నీరసించలేదు, గట్టిగా అరుస్తోంది. అందుకే సూదిలా గుచ్చుకుంది. నా చెవి సున్నా కిందికి పోవడం, పిల్లల చెవులన్నీ బాగుపడటం, అంతా ఆ అరుపు వల్లే. దర్జీ కూతురు ఆ అరుపుకే వేలెత్తి ఉంటుంది.

చెబితే అత్తకు ఇంకేం మిగలదు. చెప్పకపోతే ఆ పాపకు దెబ్బలు.

మధ్యాహ్నమంతా చెప్పలేకపోయాను. సాయంత్రం అత్త మంచం మీద కూర్చుని, "ఎక్కడిదాకా వచ్చామే?" అని చరిత్ర మొదలుపెట్టబోయింది. నేను గడియారం తీసుకొచ్చి అత్త ముందు పెట్టి నొక్కాను.

"అత్తా, ఇది మోగుతోంది."

"ఏది?"

"ఇదే. ఇప్పుడు మోగుతోంది."

అత్త గడియారాన్ని చేతిలోకి తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది, బాగా దగ్గరగా. అప్పుడు వినపడినట్టుంది. మెల్లగా కిందికి దించింది. నేను పాప సంగతి చెప్పాను, స్క్రూ సంగతి చెప్పాను. 

"పొద్దున్నే జలుబు చేసింది నాకు" అంది.

"జలుబు లేదత్తా."

"నిన్నగాక మొన్న వచ్చావు. ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చునేసరికి నా చెవికే వంక పెట్టేదానివయ్యావా? ఎంతమంది డాక్టర్లు ఈ చెవిని నమ్ముకుని పని చేశారో తెలుసా నీకు?"

అత్త గొంతు పైకి లేవడం అదే మొదటిసారి. నేను ఏడుస్తూ వంటింట్లో కూర్చున్నాను.  భోజనానికి పిలిస్తే రాలేదు.

తెల్లారి అత్త ఎప్పటిలాగే తయారై వెళ్లింది. నేను కాలేజీకి వెళ్లకుండా వెనకే వెళ్లాను. అత్త బూత్‌లో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. అద్దంలోంచి నన్ను చూసింది. కుర్చీని అటు తిప్పి, అద్దానికి వీపు పెట్టి కూర్చుంది. అదెందుకో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత అత్తే చెప్పింది. మీట నొక్కేటప్పుడు సార్ భుజం కొద్దిగా కదులుతుందట. అన్నేళ్లుగా ఎదురుగా చూస్తూ చూస్తూ, ఎప్పుడు విని వేలెత్తిందో, ఎప్పుడు చూసి ఎత్తిందో తనకే తెలియకుండా పోయిందట.

లావు స్వరాలకు వేలు లేచింది. సన్న స్వరాల దగ్గర లేవలేదు. సార్ పెంచారు. లేవలేదు. ఇంకా పెంచారు.

"మొన్న బాగానే ఉందే. మళ్లీ నీరసించింది" అని గొణుక్కుంటూ స్క్రూడ్రైవర్ తీసుకున్నారు. అత్త తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"తిప్పకు నాయనా. తప్పు మిషన్‌లో లేదు."

"మరి?"

"నాకు వినపడటం లేదు. ఎన్నాళ్ల నుంచో తెలీదు."

సార్ స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే నిలబడ్డారు. తర్వాత, "అక్కా, ఎల్లుండే సభ" అన్నారు.

హెడ్ మేడం మొదట నమ్మలేదు. పక్క ఊరి కాలేజీ నుంచి కొలత పరికరం అడిగి తెప్పించారు. పెట్టి చూస్తే సన్న స్వరాల్లో మిషన్ ఉండాల్సినదానికంటే చాలా గట్టిగా ఉంది. మేడం కుర్చీలో కూలబడి, "ఏ ఏడాది నుంచి? ఎంతమంది పిల్లలు? చెప్పండి అక్కగారూ, ఏ రోజు నుంచి?" అని అడిగారు.  చెవి ఒక్కరోజులో పోదు. ఏ పిల్ల దాకా సరిగ్గా కొలిచారో, ఏ పిల్ల నుంచి తప్పిందో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

"నన్ను మాత్రం తప్పు పట్టకండి, నేను అక్క చెప్పినట్టే చేశాను" అన్నారు సార్. ఆ మాట అన్నందుకు ఆయనే తల దించుకున్నారు.

సభ వాయిదా వేశారు. పరికరం పాడైనప్పటి నుంచి వచ్చిన పిల్లలందర్నీ మళ్లీ పిలవాలని మేడం తేల్చారు. ఫోన్లు ఎవరు చెయ్యాలంటే అత్త నేను చేస్తానంది. రోజంతా ఆఫీసు గదిలో కూర్చుని, "అమ్మా, మీ బాబు చెవి పరీక్షలో మా వల్ల పొరపాటు జరిగింది, మళ్లీ తీసుకురండి" అని ఒక్కొక్కరికీ చెప్పేది. కొందరు తిట్టేవారు. కొందరు ఊళ్లు మారిపోయారు, దొరకలేదు. ఇంటికొచ్చాక అత్త ఏమీ చెప్పేది కాదు. చరిత్ర రాయడం ఆగిపోయింది.

కళ్లజోడు సార్ ఒకరోజు వచ్చి, కొత్త పరికరం వచ్చేదాకా పొద్దున్నే నన్ను కూర్చోబెడదామా అని అత్తను అడిగారు. "దీని చెవులు ఎలాగూ..."

"వద్దు" అంది అత్త. "అక్కడ కూర్చోవడం నేర్చుకుంటే ఇంకెక్కడా కూర్చోలేకపోతుంది. మీరే తలా ఒకరోజు కూర్చోండి."

దర్జీ కూతురి వంతు వచ్చిన రోజు నేనూ ఉన్నాను. సార్ పాపను లోపలికి తీసుకెళ్లాక అత్త వచ్చి వరండా బల్ల మీద ఆ తల్లి పక్కన కూర్చుంది.

"ఫోన్ చేసింది మీరేనా?" అంది దర్జీ భార్య.

"నేనే."

"చెవులు బాగున్నాయని చెప్పింది కూడా మీరేగా?"

"నా చెవిని బట్టే చెప్పారమ్మా. నేనే."

ఆవిడ పాప వెళ్లిన తలుపు కేసి చూసింది. తర్వాత, "నేను దాన్ని కొట్టాను" అంది. అత్తతో అన్నట్టు లేదు. చేతిలోని సంచి తీసి ఇద్దరి మధ్యా పెట్టి, అటు తిరిగి కూర్చుంది. అత్త లేచి వెళ్లిపోతుందనుకున్నాను. లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చోబోతే తల అడ్డంగా ఊపింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సార్ దర్జీ భార్యను పిలిచి కాగితం మీద గీసిన గీత చూపించారు. లావు స్వరాల్లో బాగానే ఉన్న గీత సన్న స్వరాల దగ్గరికి రాగానే కిందికి పడిపోయింది, అంటే అవి పాపకు సరిగ్గా వినపడటం లేదని. 'స' అనే చప్పుడు కూడా వాటిలోదేనట. రెండు చెవులకీ వినికిడి మిషన్లు కావాలని, అవి సరిగ్గా అమరడానికి చెవి అచ్చు తీసుకోవాలని, ఆలస్యమైనా మాట వస్తుందని చెప్పారు. ఆవిడ పాపను చంకనెత్తుకుని, అంత పెద్ద పిల్లను, అచ్చులు తీసే గదిలోకి వెళ్లిపోయింది. పాప ఆ భుజం మీంచి వరండాలో ఉన్న అందరి పెదాలూ చూస్తోంది. వెళ్తూ వెళ్తూ ఆ తల్లి అత్త కేసి చూడలేదు.

బల్ల మీద అత్త ఒక్కతే మిగిలింది. వరండా చివర ఇంకో అబ్బాయి తండ్రితో నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక చూస్తున్నాడు. అత్త లేచింది. చీర సర్దుకుని వాళ్ల దగ్గరికి నడిచి, అబ్బాయి ముందు వంగి, తన మొహం వాడికి కనపడేలా పెట్టి, నేనెన్నడూ వినని పెద్ద గొంతుతో "రా నాన్నా, ఇటు" అంది.